గరిక, బండ, గేటు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ విషయం మీదైనా అరగంట మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. నాకు తెలిసింది ఒక్కటే. ముప్పై ఏళ్లుగా నేను గడ్డి పెంచుతున్నాను. గోల్ఫ్ మైదానాలకు కావలసిన గడ్డి. కొత్తగా ఈ నౌకరిలో చేరినప్పుడు మా మేనత్త అన్నది: "గడ్డి పెంచుడు గూడ నౌకరేనా బిడ్డా? మేము పీకలేక సస్తున్నం." అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కూడా పూర్తిగా లేదు.

గోల్ఫ్ ఆడటం నాకు రాదు, నేర్చుకోవాలనీ అనిపించలేదు. మైదానాన్ని ఎట్లా తయారు చేస్తారో, దానికొక గుణం ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం దగ్గర నుంచి చూశాను. అది చెబుతాను. చివర మన బడి మైదానం గురించి ఒక మనవి ఉంది. పొద్దున గేటు దగ్గర అందరి చేతుల్లో పెట్టిన నక్షా ఉంది కదా, దాన్ని మడిచి జేబులో పెట్టుకోండి. తర్వాత తీద్దాం.

ముందు ఆట సంగతి. మనం గోటీలాడినప్పుడు మడమతో తిప్పి గుంత చేసేవాళ్లం కదా, గోల్ఫ్ కూడా అదే ఆట. గోటీ బదులు 46 గ్రాముల లోపు బంతి, వేలి బదులు కర్ర, గుంత నాలుగడుగుల దూరంలో కాకుండా నాలుగు వందల గజాల అవతల. గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. ఆ కొలత 1893లో ఖాయమైంది, ప్రపంచమంతా అదే. అట్లాంటివి పద్దెనిమిది గుంతలు. బంతి కొట్టడం మొదలుపెట్టే చోటును టీ అంటారు. అక్కడి నుంచి గుంత దాకా పొట్టిగా కత్తిరించిన గడ్డి బాట ఫెయిర్‌వే. గుంత చుట్టూ చాప పరిచినంత నున్నగా ఉండేది గ్రీన్. బాటకు అటూ ఇటూ ఎత్తుగా వదిలిన గడ్డి రఫ్. మధ్యమధ్య ఇసుక గుంతలు, వాటి పేరు బంకర్లు. పద్దెనిమిదీ కలిపితే ఆరు కిలోమీటర్లకు పైన నడక.

గుంత కొలత మారదన్నాను కదా. మిగతాదేదీ అట్లా కాదు. క్రికెట్ పిచ్ కరీంనగర్‌లోనైనా లార్డ్స్‌లోనైనా 22 గజాలే. టెన్నిస్ కోర్టూ అంతే. గోల్ఫ్ మైదానం మాత్రం ఒకదానిలా ఇంకొకటి ఉండదు, ఉండకూడదు కూడా. ఏ నేల మీద ఉందో ఆ నేలలాగే ఉండాలి. అందుకే డిజైన్ చేసేవాడు మొదట కాగితం ముట్టడు, నడుస్తాడు. వాన నీళ్లు ఎటు పోతున్నాయో, గాలి ఎటు నుంచి వస్తున్నదో, పొద్దు ఎక్కడ పొడిచి ఎక్కడ కుంకుతున్నదో చూసుకుంటాడు. మొదటి గుంత తూర్పుకు పెడితే పొద్దున్నే ఆడేవాడి కళ్లలో ఎండ పడుతుంది. చివరి గుంత పడమరకు పెడితే సాయంత్రం అదే బాధ. మన పెద్దలు ఇల్లు కట్టేటప్పుడు చూసుకునే లెక్కల్లాంటివే ఇవి, వాస్తు అని పేరు పెట్టలేదు, అంతే.

నీళ్ల లెక్క ఇంకా దగ్గరిది. ఒక వానకు మైదానం మడుగైపోకుండా ఎత్తు నుంచి పల్లానికి నీళ్లు మెల్లగా జారాలి, ఒక కుంటలో ఆగాలి. అది నిండితే మత్తడి దూకి రెండో కుంటలోకి పోవాలి. విదేశీ డిజైనర్లు కంప్యూటర్లో రంగురంగుల బొమ్మలు వేసి నాకిది వివరించిన రోజుల్లో నాకు నవ్వొచ్చేది. కాకతీయుల కాలం నుంచి మన ఊళ్లలో ఉన్న గొలుసుకట్టు చెరువుల పద్ధతే అది. పై చెరువు మత్తడి కింది చెరువుకు ప్రాణమని మన ఊరి నీరటి కాపరికి ఎవరూ బొమ్మ వేసి చెప్పలేదు.

ఆటలో తెలివి ఎక్కడుందంటే, మంచి డిజైనర్ ప్రతి గుంతకూ రెండు దారులు పెడతాడు. పొలం గట్టు మీద నుంచి పోతే ఊరు దగ్గర, కాలు జారితే బురద. డాంబరు రోడ్డు పట్టుకుంటే దూరం, కాని చెప్పులకు మట్టంటదు. ధైర్యమున్నవాడు గట్టు పడతాడు, నాలాంటివాడు రోడ్డెక్కుతాడు. ఇద్దరికీ ఆట ఉండాలి. ఒక్కటే దారి పెట్టి, తప్పినవాడినల్లా శిక్షించే మైదానాలు కూడా ఉన్నాయి. వాటిని కట్టినవాళ్లు పేరున్నవాళ్లే. నాకు నచ్చవు. లెక్కల పరీక్షలో ఒకే పద్ధతికి మార్కులిచ్చే సారు గుర్తొస్తాడు. (ఇక్కడున్న సార్లు కారు, కంగారు పడొద్దు.)

ఇక హైదరాబాద్ పోదాం. గచ్చిబౌలి దాటాక, మణికొండ పక్కన బౌల్డర్ హిల్స్ అని ఒక ప్రైవేటు గోల్ఫ్ క్లబ్బు ఉంది. పేరులోనే బండలున్నాయి. దుబాయికి చెందిన ఎమ్మార్ సంస్థ, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వపు ఏపీఐఐసీ కలిసి తలపెట్టిన పెద్ద ప్రాజెక్టులో అది ఒక భాగం. ఒక్క గోల్ఫ్ మైదానానికే 235 ఎకరాలు లీజుకిచ్చారు. ఆ భూమి ఒప్పందాల మీద 2011లో సీబీఐ విచారణ మొదలైంది, కేసులు నడిచాయి. అదంతా పేపర్లలో చదివారు, నేను దాని జోలికి పోను. నేల మీద ఏం చేశారో అది చెబుతాను.

డిజైన్ చేసినవాడు పీటర్ హారడైన్. స్విట్జర్లాండ్‌లో స్థిరపడిన కుటుంబం, తండ్రి డొనాల్డ్ కూడా ఇదే పని చేశాడు. పీటర్ ఎక్కువగా ఎడారుల్లో పనిచేసినవాడు. దోహాలో, అబూ ధాబీలో మైదానాలు అతనివే. ఎడారిలో ఇసుక తప్ప ఏమీ ఉండదు కాబట్టి ప్రతి మిట్టా, ప్రతి పల్లమూ తానే కల్పించాలి. మన దక్కన్‌కు వచ్చేసరికి తలకిందులు. ఇక్కడ 250 కోట్ల ఏళ్లనాటి నల్లరాయి. ఏనుగంత బండ మీద ఇంకో బండ, దాని మీద ఎవరో ఆడుకుంటూ పెట్టి మరిచిపోయినట్టు మూడో బండ. ఎవరూ పెట్టలేదు. నేల లోపల రాయి పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు అరిగి, గుండ్రమై, చుట్టూ ఉన్న మెత్తటి మట్టి లక్షల ఏళ్లుగా వానలకు కొట్టుకుపోతే మిగిలినవి. అంటే ఆ బండలు పైకి రాలేదు, నేలే కిందికి దిగింది.

డిజైనర్ ముందు రెండు మార్గాలుంటాయి. మందుగుండు పెట్టి పేల్చేసి, నేల చదును చేసి, ఫ్లోరిడాలో ఉన్నట్టు ఒక పచ్చని చాప పరచడం ఒకటి. బండలను ఉన్నచోటే ఉంచి వాటి సందుల్లోంచి బాట తీయడం రెండోది. అక్కడ రెండోది చేశారు. ఫెయిర్‌వే బండ దగ్గరికొచ్చి పక్కకు తిరుగుతుంది, ఇంకో బండ వెనక గ్రీన్ సగం దాక్కుంటుంది. బంతి బండకు తగిలిందా, ఇక దాని ఇష్టం. తిరిగొచ్చి మీ కాళ్ల దగ్గరే పడొచ్చు, అదృష్టముంటే గుంత వైపు దూకొచ్చు. అబూ ధాబీ నుంచి వచ్చిన ఆటగాడికి ఇట్లాంటిది ఇంకెక్కడా దొరకదు. ఆ మైదానానికి గుణమనేది ఉంటే అది బండలదే, గడ్డి పెంచినవాణ్ణి నేనే చెబుతున్నాను.

గచ్చిబౌలి చుట్టుపక్కల మిగతా బండలేమయ్యాయో మీకు తెలుసు. మీ పిల్లల్లో సగం మంది వాటి చోట లేచిన అద్దాల మేడల్లో నౌకరి చేస్తున్నారు. రాళ్లను కాపాడాలని 1996లోనే హైదరాబాద్‌లో ఒక సొసైటీ పెట్టుకున్నారు. అప్పుడు జనం నవ్వారు. రాళ్లను కాపాడేదేమిటి, రాయి కదలదు కదా అని.

కదులుతుందని మన జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? కరీంనగర్ గ్రానైట్‌కు ప్రపంచ మార్కెట్‌లో పేరుంది. టాన్ బ్రౌన్ అంటారు, ముదురు గోధుమ రంగులో ఎర్రటి పలుకులుంటాయి. గుట్టను వైరు రంపంతో పెట్టెల్లా కోసి, ఒక్కో దిమ్మెను లారీకెత్తి, రైలెక్కించి, కాకినాడ రేవు దాకా తీసుకుపోయి చైనాకు పంపుతారు. అక్కడ పలకలై, మెరుగు దిద్దుకొని లోకమంతా తిరుగుతుంది. నేను ఒక దేశంలో ఒక గోల్ఫ్ క్లబ్బు బాత్రూంలో చేతులు కడుక్కుంటూ కింద చూస్తే, మన గంగాధర, మన కొత్తపల్లి వైపు రాయే అనిపించింది. పోల్చుకొని కాసేపు చెయ్యి ఆనించి నిలబడ్డాను. గ్రానైట్‌తో మన దగ్గర వేలమందికి కూలి దొరికింది, లారీలు కొన్నారు, ఇళ్లు కట్టుకున్నారు, పిల్లల్ని చదివించారు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కూడా ఆ పనిలో ఉన్నవాళ్లున్నారు. నేను వాళ్లను తప్పు పట్టడానికి రాలేదు. రాయి కొయ్యకుండా ఏ ఊరూ లేవదు. కాని ఏ గుట్ట కొయ్యొచ్చు, ఏది కొయ్యొద్దు అని చూసే కళ్లు ఉండాలి కదా.

గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. పదో శతాబ్దంలో, వేములవాడ చాళుక్యుల కాలంలో, జినవల్లభుడు ఆ గుట్ట మీద జైన బొమ్మలు చెక్కించి శాసనం వేయించాడు. ఆయన ఆదికవి పంపని తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషల్లో ఉంది. తెలుగు భాగంలో కంద పద్యాలున్నాయి. నన్నయ కంటే ముందే ఇక్కడ, మన మధ్య, కందం నడిచిందనడానికి ఆ బండే సాక్ష్యం. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చింది, దానికి చూపే ఆధారాల్లో ఈ శాసనాన్ని తప్పక చెబుతారు. అట్లాంటి గుట్ట చుట్టూ కూడా క్వారీల పేలుళ్ల భయం ఉండేదని, దాన్ని కాపాడమని చరిత్ర మీద ప్రేమున్నవాళ్లు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నారో పత్రికలు చూసినవాళ్లకు తెలుసు. మన తెలుగు సారు తొమ్మిదో తరగతిలో ఛందస్సు చెబుతూ కంద పద్యానికి గణాలు వేయించారు. పొమ్మంటే సైకిల్ మీద పోగలిగినంత దూరంలో ఆ పద్యాలు రాతి మీద ఉన్నాయని ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే, గణాలు ఇంత తొందరగా మరిచిపోయేవాళ్లం కాదేమో.

గోదావరి అవతలి నుంచి, మందమర్రి, బెల్లంపల్లి నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకొక మాట. అమెరికాలో మొంటానా రాష్ట్రంలో అనకొండ అని ఒక ఊరుంది. పాము పేరే. అక్కడ రాగి కరిగించే పెద్ద కార్ఖానా ఉండేది. అది మూతపడ్డాక విషం కలిసిన మట్టి, నల్లటి చిట్టెం దిబ్బలుగా మిగిలింది. ఆ నేలను శుభ్రం చేసి, పైన మంచి మట్టి కప్పి, జాక్ నిక్లాస్ అనే పెద్ద ఆటగాడితో గోల్ఫ్ మైదానం డిజైన్ చేయించారు. 1997లో తెరిచారు. చిట్టేన్ని దాచిపెట్టలేదు. బంకర్లలో తెల్ల ఇసుక బదులు ఆ నల్లటి పొడే పోశారు. పాత కొలుముల గోడలు అట్లాగే కనబడతాయి. ఓపెన్‌కాస్ట్ మట్టి దిబ్బలను చూసినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది. అక్కడ గోల్ఫే కట్టాలని కాదు. ఒక ఊరి బతుకు మిగిల్చిన గుర్తును చెరిపేయకుండా కూడా అందమైన పని చేయొచ్చని.

ఇప్పుడు నా గడ్డి. మా మేనత్త పీకలేక సచ్చిన గడ్డి ఏదో తెలుసు కదా, గరిక. వినాయకునికి పెట్టేదీ అదే, పత్తి చేలో పెరిగితే తిట్టేదీ అదే. శాస్త్రంలో సైనోడాన్ డాక్టిలాన్ అంటారు, ఇంగ్లీషువాళ్లు బెర్ముడా గ్రాస్ అంటారు. ప్రపంచంలో వేడి దేశాల గోల్ఫ్ మైదానాల్లో చాలావరకు నిలబడింది దీని మీదే. అమెరికాలో జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త మామూలు గరికకూ దక్షిణాఫ్రికా గరిక జాతికీ సంకరం చేసి కొత్త రకాలు తీశాడు. 1960లో టిఫ్‌వే, 1965లో టిఫ్‌డ్వార్ఫ్ వచ్చాయి. ఇవి గొడ్డు గడ్డి, గింజ కట్టవు. నారు ముక్కలు నాటి పెంచాలి. అంటే మనం వరినాట్లు వేసినట్టే. గ్రీన్ మీద దీన్ని 4 మిల్లీమీటర్ల దాకా కత్తిరించినా చావదు. గడ్డం గీసినట్టు రోజూ గీస్తాం. అంత కోతకు తట్టుకొని బతకడం గరికకు చేతనవును. మా మేనత్తకు ఈ సంగతి చెబితే, "దాని మొండితనం నాకు చెప్పుతున్నవా" అన్నది.

గ్రీన్ చూడటానికి చాపలా ఉంటుంది కాని లోపల ఇల్లు కట్టినంత పని. అడుగున పైపులు, వాటి మీద 4 అంగుళాల కంకర, ఆ పైన 12 అంగుళాల ఇసుక. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో చెప్పిన పద్ధతి ఇది. నీళ్లు పోస్తే నిలవకుండా దిగిపోతాయి, మొక్కకు కావలసిన తేమ మాత్రం ఇసుకలో ఆగుతుంది.

నీళ్లన్నాను కాబట్టి లెక్క కూడా చెప్పాలి. లేకపోతే మన లెక్కల సారు ఊరుకోరు. మన ఎండల్లో గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లు కావాలనుకుందాం. ఎకరానికది 20 వేల లీటర్లు. ఒక మైదానంలో 75 ఎకరాలకు నీళ్లు పెడితే రోజుకు 15 లక్షల లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని ప్రభుత్వ లెక్క. అంటే ఒక్క మైదానం తాగే నీళ్లు 11 వేలమందికి సరిపోతాయి. వరి మడి ఎకరానికి ఇంతకంటే ఎక్కువే తాగుతుంది, కాని అది అన్నం పెడుతుంది. ఈ లెక్క నా నోటితో చెప్పుకోవడం నాకు ఇష్టమేం కాదు, నేను తిన్న అన్నం దాని మీదే. అందుకే నాకు అవకాశమున్న ప్రతిచోటా మురుగు శుద్ధి చేసిన నీళ్లు వాడమని, నీళ్లు పెట్టే జాగా తగ్గించమని పోట్లాడాను. బండలుంటే ఆ పోట్లాట సులువు. బండకు నీళ్లు పెట్టనక్కరలేదు. మైదానంలో ఎంత భాగం రాయికి, తుప్పకు, సీతాఫలం చెట్టుకు వదిలేస్తే అన్ని లీటర్లు మిగులుతాయి. ఒక చోట, పేరు చెప్పను, యజమాని బండలన్నీ పేల్పించి మొత్తం పచ్చగా చేయమన్నాడు. చేశారు. రెండో వేసవికి బోర్లు ఎండిపోయాయి, పచ్చదనం పసుపైంది. పేల్చిన రాతి ముక్కలు మాత్రం ప్రతి వానకూ గడ్డిలోంచి పైకి తేలుతూనే ఉన్నాయి.

ఇంకొక మైదానం చెప్పి నక్షా దగ్గరికి వస్తాను. గోల్కొండ కోటకు ఆనుకొని నయా ఖిలా ఉంది. 1656లో మొఘలులు దాడి చేసినప్పుడు కోట పక్కనున్న మిట్ట శత్రువుకు అక్కరకొచ్చింది. అది చూసి అబ్దుల్లా కుతుబ్ షా ఆ మిట్టను కూడా లోపలికి కలుపుకుంటూ కొత్త గోడ కట్టించాడు. ఆ గోడ లోపల మసీదులున్నాయి, కుతుబ్‌షాహీల తోట ఆనవాళ్లున్నాయి, హాతియాఁ కా ఝాడ్ అని పిలిచే మహా వృక్షముంది. ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ చెట్టు, నాలుగు వందల ఏళ్లు దాటిందంటారు. దాని మొదలు చూస్తే చెట్టనిపించదు, ఒక ఇల్లనిపిస్తుంది. హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బు మైదానం ఇప్పుడు ఆ నేల మీదే ఉంది. బురుజుల నీడలో బంతి కొట్టుకుంటూ పోవచ్చు. ఆటగాడికి అంతకన్నా ఏం కావాలి?

కాని అక్కడే అసలు తగవు. చెట్టును చూడాలని వచ్చేవాడికి, బురుజెక్కాలనే పిల్లవాడికి దారేది? మసీదుకు పోవాలనుకునేవాడు బంతులు ఎగిరే చోటు దాటి పోవాలా? చరిత్ర ప్రేమికులకూ క్లబ్బుకూ మధ్య ఏళ్లుగా దీని మీదే వివాదం. క్లబ్బువాళ్లు అంటారు, మేము లేకపోతే ఇది ఎప్పుడో ప్లాట్లయ్యేదని. ఆ మాటలో నిజం లేదనలేను. హైదరాబాద్‌లో ఖాళీ నేల ఏమవుతుందో అందరికీ తెలుసు. కాని కాపలా కాసినవాడు ఇంటికి తాళమేసుకుంటే, కాపాడింది ఎవరికోసమని అడగక తప్పదు. బౌల్డర్ హిల్స్‌లో కూడా బండలు క్షేమంగా ఉన్నాయి, మెంబర్లకు. ఒకప్పుడు వాటి మధ్య మేకలు కాసుకున్నవాడి మనవడు గేటు దగ్గర సెక్యూరిటీ చేస్తూ ఉండొచ్చు.

ప్రైవేటు క్లబ్బంటే ఎక్కడైనా ఇంతే అనుకుంటాం. అమెరికాలో ఆగస్టా నేషనల్ అని జగత్‌ప్రసిద్ధమైన క్లబ్బుంది, ఒక పాత పండ్ల నర్సరీ నేల మీద 1930లలో కట్టారు. ఇప్పటికీ అక్కడి ప్రతి గుంతకూ ఒక పువ్వుదో చెట్టుదో పేరు. అంత సుకుమారమైన చోట మొదటి నల్లజాతి సభ్యుణ్ణి 1990లో, మొదటి మహిళలను 2012లో చేర్చుకున్నారు. ఇక స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ చూడండి. ఈ ఆటకు అది పుట్టినిల్లు. పద్దెనిమిది గుంతలన్న లెక్క 1764లో అక్కడే కుదిరింది. ఓల్డ్ కోర్స్‌ను ఎవరూ డిజైన్ చేయలేదు. సముద్రం, గాలి, మేత మేసిన గొర్రెలు చేశాయి. గాలికి ఓర్వలేక గొర్రెలు ఒదిగి పడుకున్న పల్లాలే బంకర్లయ్యాయంటారు. 1797లో ఊరి కౌన్సిల్ అప్పుల్లో మునిగి ఆ నేలను అమ్ముకుంటే కుందేళ్లు పెంచే వ్యాపారుల చేతికి పోయింది. గోల్ఫ్ ఆడేవాళ్లకూ కుందేళ్లవాళ్లకూ ఇరవై ఏళ్లకు పైగా తగాదా. చివరికి 1894లో పార్లమెంటు చట్టంతో నేల మళ్లీ ఊరి చేతికొచ్చింది. అదిప్పటికీ ప్రజల నేలే. ఆదివారం అక్కడ ఆట ఉండదు. ఊరివాళ్లు పిల్లల్ని, కుక్కల్ని తీసుకొని మైదానం మీద నడుస్తారు. ప్రపంచంలో ప్రతి గోల్ఫ్ ఆటగాడూ ఒక్కసారైనా ఆడాలని కలలుగనే గడ్డి మీద ఒక ముసలావిడ కుక్కను తిప్పుతుంటుంది.

సరే, ఇప్పుడు నక్షా తీయండి.

మన సంఘం స్వర్ణోత్సవం గుర్తుగా బడి మైదానాన్ని బాగు చేయాలని తీర్మానించింది. డబ్బులిచ్చిన అన్నలందరికీ దండం. వాకింగ్ ట్రాక్, పచ్చిక, చుట్టూ ప్రహరీ, ముందు ఆర్చి. బాగుంది. కాని నక్షాలో ఉత్తరం మూల చూడండి. 'బండల తొలగింపు' అని రాసి, దాని పక్కన ఒక మొత్తం వేశారు. ఏ బండలో మీకు చెప్పాలా? ఒకటి జారుడుబండ. దాని మీద జారి లాగులు చిరగనివాళ్లు ఈ సభలో ఎవరైనా ఉన్నారా? రెండోదాని నీడలో పదో తరగతి పరీక్షలకు చదువుకున్నాం, గదులు చాలని ఏడాది సార్లు అక్కడే క్లాసు కూడా చెప్పారు. ట్రాక్ తిన్నగా, గుండ్రంగా రావాలంటే అవి అడ్డమట.

ట్రాక్ గుండ్రంగా ఎందుకు ఉండాలి? నేను నిన్న సాయంత్రం నడిచి చూశాను. జారుడుబండకు ఎడమ పక్క నుంచి తిప్పి, రెండో బండ వెనక నుంచి తీసుకొస్తే దాదాపు నలభై అడుగులు పెరుగుతుంది. నడవడానికే కదా వస్తాం, నలభై అడుగులు ఎక్కువైతే డాక్టరు మెచ్చుకుంటాడు. బండలు పేల్చే ఖర్చు మిగులుతుంది. ఆ డబ్బుతో ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్ల ట్యాంకు వస్తుంది. హెడ్మాస్టర్ గారు దాని గురించి పొద్దున నాతో అన్నారు. వాన నీళ్లు ఇప్పుడు తరగతి గదుల వైపు వస్తున్నాయి. బండల దిగువన చిన్న కుంట తవ్వితే అక్కడ ఆగి, నిండితే రోడ్డు పక్క కాలువలోకి మత్తడి దూకుతాయి. పచ్చిక కావాలంటే టిఫ్‌డ్వార్ఫ్ వద్దు. మన గరిక చాలు, చెలక గట్ల మీద నుంచి తెచ్చి నాటుదాం. దానికి గింజ కొనక్కరలేదు, మందు కొట్టక్కరలేదు. మేకలు మేసినా మళ్లీ వస్తుంది.

రెండో మాట గేటు గురించి. నక్షా కింద చిన్న అక్షరాల్లో ఉంది: 'తాళం చెవి సంఘం వద్ద ఉండును. సభ్యులకు మాత్రమే ప్రవేశం.' రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. తాగి సీసాలు పగలగొడతారని భయం, ఆ భయం ఉత్తదీ కాదు. కాని పొద్దున ఐదింటికి ఆ మైదానంలో నడిచేది బీడీలు చుట్టే అక్కలు. పోలీసు ఉద్యోగాలకు పరుగు సాధన చేసేది ఊరి పిల్లలు. వాళ్లలో చాలామంది మన సంఘం సభ్యులు కారు, కొందరు బడి పూర్తి చేయనివాళ్లు. వాళ్లు గేటు బయట నిలబడితే మనం లోపల నడవగలమా? బడి నడిచే గంటల్లో తాళమేయండి, రాత్రి తొమ్మిదికి వేయండి, ఒక కాపలా మనిషిని పెట్టండి. ఆ జీతంలో మూడేళ్ల వంతు నేనిస్తాను, ఇది మినిట్స్‌లో రాసుకోండి.

తీర్మానం మార్చడానికి సర్వసభ్య సమావేశం రేపు పదకొండు గంటలకుంది. అంతకుముందు, పొద్దున ఆరున్నరకు, నేను టేపు, సున్నం సంచి పట్టుకొని జారుడుబండ దగ్గర ఉంటాను. ట్రాక్ ఎటు తిరగాలో గీసి చూపిస్తాను. రావాలనుకున్నవాళ్లు రండి. మంచి ప్యాంటు వేసుకొని రావొద్దు, మనలో ఎవరో ఒకరు జారక మానరు.